మలివయసులో ఫ్రెంచి: ఫ్రాన్స్‌లో ఉంటే వచ్చేస్తుందా?

యాభై అయిదో అరవయ్యో దాటాక ఫ్రెంచి నేర్చుకోవాలనుకునేవారికి దొరికే సలహా దాదాపు ఒకటే: ఫ్రాన్స్ వెళ్లి మూడు నెలలు ఉండండి, భాష దానంతటదే వస్తుంది. ఇందులో సగమే నిజం. చుట్టూ వినిపించే భాషకు చెవి అలవాటు పడుతుంది, మాటలు పోగవుతాయి, నోరు విప్పాలంటే ఉండే బెరుకు పోతుంది. చిక్కల్లా ఆ ‘దానంతటదే’ దగ్గరే. నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోఞ్ ప్రాంతంలో బ్రిటన్ నుంచి వచ్చి స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులు చాలామంది ఉన్నారు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటూ, రొట్టె కొనడానికీ డాక్టరు అపాయింట్‌మెంట్‌కీ సరిపడే ఫ్రెంచి దగ్గరే ఆగిపోయినవారు వారిలో కనిపిస్తూనే ఉంటారు. వారు ఫ్రాన్స్‌లో ఉన్నారు గానీ ఫ్రెంచిలో లేరు. భాష మధ్యే మునిగి నేర్చుకునే ఇమ్మర్షన్ అనే పద్ధతి పనిచేసేదీ చెడేదీ ఈ తేడా దగ్గరే.

దీన్ని బాగా చూపించే పాత పరిశీలన ఒకటుంది. హవాయిలో స్థిరపడిన, ముప్పయ్యో పడిలో ఉన్న ఒక జపాన్ చిత్రకారుడి ఇంగ్లీషును రిచర్డ్ ష్మిట్ అనే భాషావేత్త మూడేళ్ల పాటు గమనించి 1983లో ప్రచురించాడు. ఆ చిత్రకారుడికి స్నేహాలు, వ్యాపారం, కబుర్లు అన్నీ ఇంగ్లీషులోనే. మూడేళ్లలో మాట ధాటి బాగా పెరిగింది. వ్యాకరణం మాత్రం ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడే ఉండిపోయింది. చెప్పదలచుకున్నది ఎదుటివాళ్లకు ఎలాగూ అర్థమవుతోంది కాబట్టి, క్రియారూపం సరిదిద్దుకోవలసిన అవసరం అతనికి రాలేదు.

ఫ్రెంచి విషయంలోనే ఇంకా పెద్ద సాక్ష్యం కెనడాలో దొరికింది. 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రుల పట్టుదల వల్ల, పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే తరగతి మొదలైంది. ఆ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. ఆ పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో చెప్పిన విషయం ఇది: విని, చదివి అర్థం చేసుకోవడంలో వారు ఫ్రెంచి ఇళ్లలో పెరిగిన పిల్లలకు బాగా దగ్గరికి వచ్చారు. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం లింగాలూ కాలాలూ తప్పుతూనే ఉన్నారు. రోజూ గంటల కొద్దీ వింటున్నారు గానీ, నిండు వాక్యాలు సొంతంగా కూర్చి చెప్పాల్సిన సందర్భాలు తక్కువ. ఇది చిన్నపిల్లల సంగతి. అరవై ఏళ్ల మనిషికి వాతావరణం ఒక్కటే వ్యాకరణం నేర్పుతుందని ఆశించడానికి ఆధారమేమీ లేదు.

వయసు తీసుకునేది, తీసుకోనిది

భాష నేర్చుకునే కిటికీ చిన్నతనంలోనే మూసుకుపోతుందన్న వాదన 1967లో ఎరిక్ లెన్నెబెర్గ్ పుస్తకంతో బలపడింది. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ సుమారు 6,70,000 మంది రాసిన ఇంగ్లీషు వ్యాకరణ పరీక్ష ఫలితాలను విశ్లేషించి, వ్యాకరణం నేర్చుకునే శక్తి 17 ఏళ్లు దాటేదాకా దాదాపు తగ్గకుండా ఉండి, ఆ తర్వాత తగ్గుతుందని లెక్కగట్టారు. ఈ అంకె చూసి నిరాశపడేవారు ఒక సంగతి వదిలేస్తుంటారు. అందులోని ఒక ముఖ్యమైన కొలత, పుట్టుకతో భాష వచ్చినవారి స్థాయిని అందుకోగలమా అన్నది. ప్లంబరుతో మాట్లాడటానికి, పక్కింటివాళ్లతో భోజనానికి కూర్చోవడానికి, దినపత్రిక చదవడానికి ఆ స్థాయి అక్కర్లేదు. యూరప్ కొలబద్ద మీది ఆరు మెట్లలో నాలుగోదైన బి2 చాలు. ముప్పై ఏళ్ల మనిషికీ అరవై ఏళ్ల మనిషికీ మధ్య అసలు తేడా ఆ కిటికీలో లేదు, ఇంకో మూడు చోట్ల ఉంది.

మొదటిది చెవి. వయసుతో వచ్చే వినికిడి లోపం హెచ్చు పౌనఃపున్యాల దగ్గర మొదలవుతుంది. స, ష, ఫ లాంటి ఊదుడు హల్లులు ఉండేది అక్కడే. ఫ్రెంచిలో ‘షు’ అంటే క్యాబేజీ, ‘ఫు’ అంటే పిచ్చివాడు, ‘సు’ అంటే చిల్లర డబ్బు. ఇంట్లో సొంత భాషలో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే వినపడని హల్లును మెదడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. పరాయి భాషలో పూరించుకోవడానికి సరుకు ఉండదు. ‘నాకు ఫ్రెంచి అర్థం కావడం లేదు’ అనుకునేవారిలో కొందరికి అసలు కష్టం వినికిడిది. బయల్దేరే ముందు ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోవడం, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకుని కొన్ని వారాలు అలవాటుపడటం, వ్యాకరణ పుస్తకం కొనడం కన్నా ముందు జరగాలి. హోటల్లో కూర్చునేటప్పుడు గోడకు వీపు పెట్టి, మాట్లాడేవారి ముఖం కనిపించే చోట కూర్చున్నా ఎంతో తేడా వస్తుంది.

రెండోది వేగం. విన్నదాన్ని బుర్రలో నిలిపి, విడదీసి, జవాబు కూర్చే పని నెమ్మదిస్తుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది. దీనికి మందు వ్యాకరణ సూత్రాలు మరిన్ని చదవడం కాదు, తరచుగా వచ్చే పదబంధాలను ముక్కలుగా కంఠతా పట్టడం. మొత్తం ఒకే ముక్కగా గుర్తున్న మాటను విడదీయాల్సిన పని లేదు. మూడోది కొత్త పేర్లు, కొత్త మాటలు గుర్తుండకపోవడం. నిజానికి ఎక్కువ సందర్భాల్లో మాట లోపలే ఉంటుంది, అడిగిన క్షణంలో బయటికి రాదు. మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే ఎక్కువ కాలం నిలుపుతుందని 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగాలు చూపించాయి. పదాల జాబితాను రోజూ పది సార్లు చదివేవారు ఈ ఒక్కటి మార్చుకుంటే చాలు.

వయసు తీసుకోనివీ ఉన్నాయి. పదసంపద, లోకజ్ఞానం, ఓపికగా కూర్చుని సరిచూసుకునే అలవాటు పెద్దల దగ్గరే ఎక్కువ. ఇంగ్లీషు వచ్చినవారికి ఇంకో లాభం: ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వేలకొద్దీ మాటలు వెళ్లాయి కాబట్టి, అచ్చులో చూసిన మాటల్లో చాలా వాటి అర్థం ఊహించవచ్చు. అచ్చులో మాత్రమే. నోటి నుంచి వచ్చేసరికి అవే మాటలు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి.

సున్నాతో వెళ్లడం దండగ

యూరప్ మండలి 2001లో ప్రచురించిన ఎ1 నుంచి సి2 దాకా ఉన్న స్థాయిలే ఇప్పుడు అందరి కొలబద్ద. ఫ్రెంచి బడుల్లో సాధారణంగా చెప్పే మొత్తం గంటల లెక్క ఇలా ఉంటుంది: ఎ1కి 60 నుంచి 100, ఎ2కి 160 నుంచి 200, బి1కి 360 నుంచి 400, బి2కి 560 నుంచి 650. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న తన ఉద్యోగులను ఉద్యోగానికి పనికొచ్చే ఫ్రెంచికి తేవడానికి సుమారు 30 వారాలు, 750 గంటల తరగతులు పెడుతుంది. ఇవి గురువు ఎదుట గడిపే గంటలు, ఇంటిపని వేరు. మలివయసులో పై హద్దును పట్టుకుని లెక్క వేసుకోవడం మంచిది.

ఒక్క మాటా రాకుండా దిగినవారికి చుట్టూ ఉన్న ఫ్రెంచి వట్టి రొద. చదివేదాన్ని సాయం లేకుండా సుఖంగా అర్థం చేసుకోవాలంటే అందులో 98 శాతం మాటలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ పరిశోధన చెబుతుంది, అంటే యాభై మాటలకు ఒక్కటే కొత్తది. సంభాషణలో ఇంత కచ్చితంగా లేకపోయినా, పదిలో ఏడు తెలియనప్పుడు మెదడు వినడం మానేస్తుంది. వినడం మానేసిన మెదడుతో వంద గంటలు కూర్చున్నా లాభం లేదు. కాబట్టి ఎ2 దాకా ఇంటి దగ్గరే తెచ్చుకుని వెళ్లాలి. రోజుకో గంట, వారానికి అయిదు రోజులు అనుకుంటే 200 గంటలకు 40 వారాలు పడుతుంది. విమానం టికెట్టు కొనడానికి తొమ్మిది నెలల ముందు మొదలవ్వాల్సిన పని ఇది.

ఇక అక్కడి లెక్క. ‘వారానికి 20 పాఠాలు’ అని రాసిన చోట పాఠం అంటే 45 నిమిషాలో గంటో అడిగి తెలుసుకోవాలి. 45 నిమిషాలైతే వారానికి 15 గంటలే. నాలుగు వారాల కోర్సు 60 గంటలు. ఎ2 నుంచి బి1కి కావలసింది దాదాపు 200. మిగతా 140 గంటలను 28 రోజుల్లో బయట సంపాదించాలంటే రోజుకు అయిదు గంటల చొప్పున, ధ్యాస పెట్టి ఫ్రెంచిలో గడపాలి. అరవై దాటిన మనిషి మూడో వారానికి తలనొప్పితో మంచమెక్కుతారు. అదే 12 వారాలుంటే, అందులో ఆరు వారాలు తరగతులకు వెళ్తే 90 గంటలు అక్కడే వస్తాయి. మిగిలిన 110 గంటలను 84 రోజులకు పంచితే రోజుకు గంటా ఇరవై నిమిషాలు. ఇది జరిగే పని. యూరోపియన్ యూనియన్ బయటినుంచి షెన్‌గెన్ స్వల్పకాలిక వీసా మీద వచ్చేవారికి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే అనుమతి. 12 వారాలు సరిగ్గా అందులో ఇముడుతుంది. ఒక్కసారిగా అంతకాలం కుదరనివారు ఆరు వారాలు, నాలుగైదు నెలల విరామం, మళ్లీ ఆరు వారాలు చేసినా నష్టం లేదు. విడతలుగా నేర్చుకున్నది ఒక్క ఊపులో నేర్చుకున్నదాని కన్నా గట్టిగా నిలుస్తుంది. విరామంలో రోజూ కాస్తయినా ఫ్రెంచి ఉండాలన్నదే షరతు.

ఊరు, నెల, ఇల్లు

పారిస్‌లోనూ నీస్‌లోనూ కౌంటర్ వెనకున్న కుర్రాడు రెండో వాక్యానికే ఇంగ్లీషులోకి మారిపోతాడు. మధ్యస్థమైన ఊళ్లు మేలు: తూర్, ఆఁజే, బెజాఁసోఁ, విషీ. నాలుగింటిలోనూ విదేశీయులకు ఫ్రెంచి నేర్పే పాత సంస్థలున్నాయి. తూర్‌లోని తురైన్ సంస్థ 1912 నాటిది, విషీలోని కావిలామ్ 1964 నాటిది. తూర్ మనుషులది అన్నిటికన్నా స్వచ్ఛమైన ఫ్రెంచి అనే పేరు ఒకటి చలామణీలో ఉంది. నేర్చుకునేవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. బడిని ఎంచుకునేటప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే ‘క్వాలిటే ఎఫ్‌ఎల్‌ఇ’ గుర్తింపు ఉందా అని చూడాలి. దానికన్నా ముఖ్యం, పెద్దల తరగతి వేరుగా ఉందో లేదో అడగడం. ఇరవై ఏళ్లవాళ్ల తరగతిలో పడితే చర్చంతా పార్టీల మీదా ఉద్యోగ ఇంటర్వ్యూల మీదా నడుస్తుంది.

నెల ఎంపికలో చాలామంది పొరబడతారు. ఆగస్టులో ఫ్రాన్స్ సెలవుల్లో ఉంటుంది. చిన్న దుకాణాలు మూతపడతాయి, ఇరుగుపొరుగు ఊళ్లో ఉండరు, సంఘాలు నిద్రపోతాయి. సెప్టెంబరు మొదటి వారాల్లో ఊరూరా ‘ఫోరమ్ దెజ్ అసోసియాస్యోఁ’ జరుగుతుంది. 1901 నాటి చట్టం కింద నడిచే స్థానిక సంఘాలన్నీ బల్లలు వేసుకుని కూర్చుంటాయి: నడక బృందం, కోరస్ గానం, పేకాట, తోటపని, కుండలు చేయడం. ఏడాది సభ్యత్వాలు అప్పుడే తీసుకుంటారు. తరగతి గది ఇవ్వలేనిదాన్ని ఇచ్చేది ఇవే: ప్రతివారం అవే ముఖాలు, అదే పని, అవే మాటలు. అన్నిటికన్నా నడక బృందం మంచిది. పక్కపక్కన నడుస్తారు కాబట్టి రొద ఉండదు, మౌనం ఇబ్బంది పెట్టదు, మూడు గంటల్లో నలుగురితో మాట్లాడవచ్చు. కోరస్ ఉచ్చారణకు మంచిదే గానీ అక్కడ పాటలే ఎక్కువ, మాటలు తక్కువ. మొత్తంమీద సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వెళ్లడం అన్ని విధాలా లాభం.

బస విషయానికొస్తే, మొదటి నాలుగు వారాలైనా ఒక కుటుంబంతో, రాత్రి భోజనం కలిపి ఉండే ఏర్పాటు చేసుకోవాలి. గది అందం ముఖ్యం కాదు. రాత్రి ఎనిమిది గంటలకు గంటసేపు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడే మనుషులా, పళ్లెం పెట్టి టీవీ ముందుకు వెళ్లిపోయే మనుషులా అన్నది ముందే బడివారిని అడగాలి. అదే ఇంట్లో ఇంకో విదేశీ విద్యార్థి ఉంటే బల్ల దగ్గర భాష ఇంగ్లీషైపోతుంది.

భార్యాభర్తలు కలిసి వెళ్తే ఈ ప్రమాదం ఇంట్లోనే ఉంటుంది. పగలంతా ఫ్రెంచిలో తిప్పలు పడి, సాయంత్రం తలుపు వేసుకోగానే సొంత భాష. పైగా ఇద్దరిలో కాస్త బాగా వచ్చినవారే అన్ని చోట్లా మాట్లాడతారు, రెండోవారు ప్రేక్షకులుగా మిగిలిపోతారు. తరగతులు వేరు చేయాలి, సంఘాలు వేరు చేయాలి, బజారుకు వంతులవారీగా ఒంటరిగా వెళ్లాలి. అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీలో 1916 నుంచి నడుస్తున్న వేసవి ఫ్రెంచి బడిలో, ఉన్నన్నాళ్లూ ఫ్రెంచి తప్ప మరో భాష మాట్లాడనని విద్యార్థి సంతకం చేయాలి. అంత కఠినం ఇంట్లో సాగదు. ఉదయం లేచింది మొదలు మధ్యాహ్నం రెండింటి దాకా ఫ్రెంచే అన్న గడువు పెట్టుకుంటే మాత్రం నిలబడుతుంది.

చెవికి తగిలే ఫ్రెంచి

పుస్తకం నేర్పిన ఫ్రెంచికీ వీధిలోని ఫ్రెంచికీ పొంతన కుదరకపోవడం తొలి వారాల్లో అందరినీ దెబ్బ కొట్టే విషయం. ‘నాకు తెలియదు’ అనడానికి పుస్తకంలో ‘జ న సే పా’ అని నాలుగు ముక్కలుంటాయి. మనుషులు అనేది ‘షే పా’. ‘ఇల్ యా’ వట్టి ‘యా’ అవుతుంది. ‘త్యు ఆ’ కాస్తా ‘తా’ అవుతుంది. ‘మేము’ అనడానికి పుస్తకం నేర్పిన ‘ను’ స్థానంలో దాదాపు ఎప్పుడూ ‘ఓఁ’ వినపడుతుంది. వ్యతిరేకార్థంలో రెండు ముక్కల్లో మొదటిది మాయమవుతుంది. ఇది నిర్లక్ష్యపు భాష కాదు, చదువుకున్నవారు కూడా మామూలుగా మాట్లాడే తీరు. ఇలా కుదించుకుపోయే మాటలు తరచుగా వచ్చేవి ఒక నలభై దాకా ఉంటాయి. వాటిని ముందే వినిపించుకుని వెళ్తే మొదటి నెల మిగులుతుంది.

మాటకూ మాటకూ మధ్య సరిహద్దు చెరిగిపోవడం ఇంకో చిక్కు. ‘ఇల్ సోఁ’ అంటే వాళ్లు ఉన్నారు, ‘ఇల్‌జోఁ’ అంటే వాళ్లకు ఉంది. తేడా అంతా స, జ దగ్గరే. రైల్వే స్టేషన్లో ‘సీజర్’ అంటే ఆరు గంటలు, ‘దీజర్’ అంటే పది గంటలు. తెలుగు లిపిలో వీటిని రాయడం ఉజ్జాయింపేనని వేరే చెప్పనక్కర్లేదు. ముక్కుతో పలికే అచ్చులు మరీ కష్టం: ‘వెఁ’ ద్రాక్ష సారా, ‘వాఁ’ గాలి, ‘వోఁ’ వాళ్లు వెళ్తారు. అరసున్నాను పలకడం తెలుగు ఎప్పుడో మానేసింది కాబట్టి, చివర ‘న్’ చేర్చి పలికే అలవాటు వెంటనే పట్టుకుంటుంది. అలా చేర్చితే మాట మారిపోతుంది. పెదవులను ‘ఊ’కు చుట్టినట్టు ఉంచి లోపల ‘ఈ’ పలికే అచ్చు మరొకటి ఉంది. ‘పైన’, ‘కింద’ అనే అర్థాలిచ్చే రెండు మాటల మధ్య తేడా ఆ అచ్చు ఒక్కటే. పై అంతస్తు ఫ్లాటుకు వెళ్లాల్సినవాళ్లు కింద అంతస్తు గంట కొట్టేది ఇక్కడే.

అంకెలు ఒక ప్రత్యేకమైన గొడవ. ఫ్రాన్స్‌లో 70 అంటే ‘అరవై-పది’, 80 అంటే ‘నాలుగు-ఇరవైలు’, 92 అంటే ‘నాలుగు-ఇరవై-పన్నెండు’. ఫోన్ నంబరు రెండేసి అంకెల చొప్పున చెబుతారు. ‘కాత్ర్ వెఁ’ (నాలుగు-ఇరవైలు) వినగానే చెయ్యి 8 రాసేస్తుంది. వెనకే ‘దూజ్’ (పన్నెండు) వచ్చేసరికి దాన్ని కొట్టేసి 92 రాయాలి, ఈలోగా తర్వాతి జత దాటిపోయి ఉంటుంది. దీనికి తెలివితేటలతో పని లేదు, సాధనతోనే వస్తుంది: ‘కాత్ర్ వెఁ’ విన్నాక తర్వాతి ముక్క వినేదాకా కలం ఆపడం. రోజుకు పది ఫోన్ నంబర్లు రికార్డు చేసి పెట్టుకుని రాసుకుంటే మూడు వారాల్లో చెయ్యి ఆగడం నేర్చుకుంటుంది. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో 70కీ 90కీ తిన్నని మాటలే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో వాళ్లది మెరుగైన ఏర్పాటు.

వినికిడికి రోజూ చేయదగ్గ కసరత్తు ఒకటి: ఆర్‌ఎఫ్‌ఐ రేడియో సులభమైన ఫ్రెంచిలో ఇచ్చే పది నిమిషాల వార్తలు, పక్కన పాఠం అచ్చులో దొరుకుతుంది. మొత్తం వినడం అనవసరం. రెండు నిమిషాల ముక్క తీసుకోవాలి. అచ్చు చూడకుండా రెండుసార్లు వినాలి. మూడోసారి ఆపుతూ విన్నది రాయాలి. తర్వాత అచ్చుతో సరిచూసి, తప్పిపోయిన ప్రతి చోటా ఎందుకు తప్పిందో పక్కన రాయాలి: మాట తెలియకా, తెలిసినా కలిసిపోయి వినపడటం వల్లా? రెండో రకమే ఎక్కువని తేలుతుంది. ఆఖరిగా అచ్చు మూసి ఇంకోసారి వినాలి. మొత్తం 25 నిమిషాలు. రోజంతా నేపథ్యంలో రేడియో మోగించడం వల్ల ఇందులో పదో వంతు ఫలితం కూడా రాదు. అలసిపోయిన చెవికి అది చేటే.

ఒక రోజు ఎలా గడవాలి

ఉదయం తరగతి, మధ్యాహ్నం భోజనం, తర్వాత గంటసేపు ఏ భాషా లేని విశ్రాంతి. ఈ గంటను సోమరితనం అనుకుని ఎగ్గొట్టేవారే సాయంత్రానికి మాట తడబడి డీలా పడతారు. తర్వాత ఒక పని: పోస్టాఫీసు, మందుల దుకాణం, చెప్పులు బాగుచేసే చోటు. పనికి వెళ్లేముందు చెప్పాల్సిన నాలుగైదు వాక్యాలు రాసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, వాళ్లు అడగబోయే ప్రశ్నలు ఊహించి రాసుకోవాలి. రొట్టెల దుకాణంలో కావలసింది అడగడం ఎవరైనా నేర్చుకుంటారు. వెంటనే ఎదురయ్యే ‘అవెక్ ససీ?’ దగ్గర కొయ్యబారిపోతారు. ‘దీంతో పాటు ఇంకేమైనా?’ అని దానర్థం. ‘స సెరా తూ’, అంటే ఇంతే చాలు అనేది జవాబు. పెద్ద రొట్టె అయితే ముక్కలు కోయాలా అని అడుగుతారు. సూపర్ మార్కెట్‌లో సభ్యత్వ కార్డు ఉందా అంటారు. ప్రతి కౌంటరుకూ ఇలాంటి మూడు నాలుగు ప్రశ్నలుంటాయి, అవే రోజూ తిరుగుతాయి. దుకాణంలోకి అడుగు పెట్టగానే ‘బోఁజూర్’ (నమస్కారం) చెప్పకుండా పని అడిగితే, వ్యాకరణం ఎంత బాగున్నా జవాబు ముక్తసరిగా వస్తుంది.

అర్థం కానప్పుడు ‘వీ’ (అవును) అని తలూపడం ఇక్కడి పెద్ద రోగం. మందుల దుకాణంలో అది ప్రమాదం కూడా. ‘మళ్లీ చెప్పండి’ అంటే అదే వాక్యం అదే వేగంతో మళ్లీ వస్తుంది. అర్థమైనంత మేర తిరిగి చెప్పి, అర్థం కాని ముక్కనే ప్రశ్నగా అడగాలి: ‘రోజుకు రెండు సార్లు, భోజనానికి... ముందా, తర్వాతా?’ అప్పుడు జవాబు ఒక్క మాటలో వస్తుంది. ఎదుటివారు ఇంగ్లీషులోకి మారితే, ‘జ ప్రెఫేర్ కోఁతిన్యుయే ఆఁ ఫ్రాఁసే, సి స న వూ దెరాఁజ్ పా’ (మీకు ఇబ్బంది లేకపోతే ఫ్రెంచిలోనే కొనసాగిస్తాను) అని చిరునవ్వుతో అంటే ఎక్కువ మంది వెనక్కి వస్తారు. వెనక క్యూ ఉన్నప్పుడు మాత్రం ఆ ప్రయత్నం వద్దు. ఖాళీగా ఉన్న వేళ, మధ్యాహ్నం మూడింటికి వెళ్లడం దానికన్నా తెలివైన పని.

పని ముగించుకుని రాగానే పది నిమిషాలు కూర్చుని, చెప్పాలనుకుని చెప్పలేకపోయిన రెండు మూడు వాక్యాలు నోటుబుక్కులో రాయాలి. వాటిని మర్నాడు టీచరుతో సరిచేయించి, అదే పని ఇంకో దుకాణంలో మళ్లీ చేయాలి. కొత్త కొత్త చోట్లకు తిరగడం కన్నా ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు ఆడటం ఎక్కువ నేర్పుతుంది.

తప్పు గట్టిపడకముందే

మర్యాదస్తులు తప్పును నేరుగా ఎత్తిచూపరు, సరిచేసిన రూపంలో తిరిగి చెబుతారు. ‘మార్కెట్‌కు వెళ్లాను’ అనడానికి నేర్చుకునేవారు ‘ఆ ల మార్షే’ అంటే, ఎదుటివారు ‘అలాగా, మీరు ఓ మార్షే వెళ్లారా!’ అంటారు. ‘ఆ ల’ను ‘ఓ’గా మార్చి చెప్పడం దిద్దుబాటేనని పట్టుకునేవారు తక్కువ. 1997లో లిస్టర్, రాంటా కెనడాలోని ఫ్రెంచి ఇమ్మర్షన్ తరగతులను గమనించినప్పుడు తేలిందీ ఇదే: ఉపాధ్యాయులు ఎక్కువగా వాడే దిద్దుబాటు ఇలా తిరిగి చెప్పడమే, విద్యార్థులు అతి తక్కువగా స్పందించేదీ దానికే. కాబట్టి అడిగి దిద్దించుకోవాలి, అదీ ఒక్కో వారం ఒక్కో విషయంలోనే. ‘నా తప్పులన్నీ చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు, రెండు నిమిషాలకు మానేస్తారు. ‘ఈ వారం భూతకాలం తప్పితే మాత్రం ఆపండి’ అంటే ఇంట్లోవాళ్లు సరదాగా చేస్తారు.

ఎక్కువగా గట్టిపడేవి మూడు. ఒకటి లింగం. నామవాచకాలను (ఇంగ్లీషు ‘ద’ లాంటి) ‘ల్, లా’లతో కాక (‘ఒక’ అనే అర్థమిచ్చే) ‘ఎఁ, యూన్’లతో కలిపి నేర్చుకోవాలి, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘ల్, లా’ రెండూ కుదించుకుపోయి లింగం దాగిపోతుంది. ‘లెకోల్’ అని నేర్చుకుంటే బడి ఏ లింగమో తెలియదు, ‘యూన్ ఎకోల్’ అని నేర్చుకుంటే ఇక మరిచిపోరు. చివరి అక్షరాలు సాయం చేస్తాయి: ‘స్యోఁ’, ‘తే’, ‘ఎత్’తో ముగిసేవి చాలా వరకు స్త్రీలింగం. ‘ఆజ్’, ‘మాఁ’, ‘ఇజ్మ్’తో ముగిసేవి చాలా వరకు పుంలింగం. ప్లాజ్, ఇమాజ్, పాజ్ లాంటి కొన్ని దారి తప్పినవి ఉన్నాయి, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. రెండు, జరిగిపోయిన పనికీ అప్పటి పరిస్థితికీ వేర్వేరు భూతకాలాలు వాడటం. మూడు, ‘ఇ’, ‘ఆఁ’ అనే బుల్లి సర్వనామాలు. అవి లేకుండానే పని జరిగిపోతుంది కాబట్టి చాలామందికి ఎప్పటికీ రావు. వీటిని సూత్రంగా కాక ‘జీ వే’ (అక్కడికి వెళ్తున్నా), ‘జాఁ ప్రాఁ దూ’ (వాటిలో రెండు తీసుకుంటా) లాంటి ముక్కలుగా రోజూ వాడితేనే నోటికి అంటుతాయి.

బి1 దగ్గర అందరూ ఒకసారి ఆగుతారు. పనులన్నీ జరిగిపోతుంటాయి, ఎదిగిన జాడ మాత్రం కనపడదు. ఇక్కడ పరీక్ష పనికొస్తుంది. ఫ్రెంచి ప్రభుత్వ సర్టిఫికెట్ ఇచ్చే డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేదు. రాయడం అన్న భాగం ఉండటమే దీని అసలు మేలు. మాటల్లో దాటేసిన తప్పులన్నీ కాగితం మీద బయటపడతాయి. ఫ్రాన్స్‌లో స్థిరపడదలచినవారికి ఈ స్థాయిలు చట్టంలోనూ ఉన్నాయి. 2024 జనవరి నాటి వలస చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి బహుళ సంవత్సరాల నివాస కార్డుకు ఎ2, పదేళ్ల కార్డుకు బి1, పౌరసత్వానికి బి2 చూపించాలి. 65 దాటినవారికి నివాస కార్డుల విషయంలో భాషా షరతు నుంచి మినహాయింపు ఉంది.

తిరిగొచ్చాక జరిగే నష్టం గురించి ముందే ఆలోచించాలి. బడిలో స్పానిష్ చదివి, యాభై ఏళ్ల దాకా గడిచిపోయినవారిని పరీక్షించి చూసిన హ్యారీ బారిక్ 1984లో చెప్పినదాని ప్రకారం, మరుపు మొదటి మూడు నుంచి ఆరేళ్లలో వేగంగా సాగి, ఆ తర్వాత మిగిలింది దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది. ఎంత లోతుగా నేర్చుకుంటే అంత ఎక్కువ మిగులుతుంది. ఎ2 దగ్గర వదిలేసింది తొందరగా కరిగిపోతుంది కాబట్టి, డబ్బూ సమయమూ పరిమితమైనప్పుడు ఏటా వారం రోజుల విహారాల కన్నా బి1 దాటించే ఒక్క దీర్ఘ బస మేలు. తిరిగొచ్చాక వారానికి రెండు అరగంటల సంభాషణలు, రోజూ ఆ పది నిమిషాల రేడియో, వారానికి ఒక పేజీ రాసి దిద్దించుకోవడం ఉంటే స్థాయి నిలుస్తుంది. ఇందులో ముందు జారిపోయేది సంభాషణే. అందుకే ఫ్రాన్స్ వదలకముందే, అక్కడ అలవాటైన టీచరుతోనో నడక బృందంలోని స్నేహితులతోనో వారంలో ఫలానా రోజు, ఫలానా గంట అని వీడియో కాల్ ఖాయం చేసుకోవాలి.